1990 ఎఫ్-150కి 1995 బండి రేకులు సరిపోతాయా: తలుపు సరిపోతుంది, ఫెండర్ సరిపోదు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన విషయం ఇది. ఒహాయోలో ఒక పెద్దాయన దగ్గర మీరు 1990 నమూనా ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్నారు. అది రెగ్యులర్ క్యాబ్ (ఒకే వరుస సీటున్న ముందు గది), ఎనిమిదడుగుల బెడ్ (వెనక సామాను వేసే తొట్టి), రెండు పెట్రోలు ట్యాంకులు ఉన్న బండి. ఇంజనుకు ఢోకా లేదు కానీ, చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు డ్రైవరు వైపు ముందు ఫెండర్ (చక్రం మీది మడ్‌గార్డు రేకు) కిందిభాగాన్ని, అదే వైపు తలుపు అడుగును, బెడ్ పక్కరేకులో చక్రం చుట్టూ ఉన్న అంచును, క్యాబ్ వెనక రెండు మూలలనూ తినేసింది. దగ్గరలోని జంక్‌యార్డులో రేకు గట్టిగా ఉన్న 1995 ఎఫ్-150 ఒకటి కనిపించింది. దానినుంచి ఇవన్నీ విప్పుకోవచ్చా, లేక ఫోర్డ్ కాకుండా వేరే సంస్థలు చేసి బజారులో అమ్మే కొత్త ఆఫ్టర్‌మార్కెట్ రేకులు కొనడం మేలా అని అడిగారు.

ముందు సూటిగా జవాబు చెప్పి, ఆ తరువాత కారణాలు చెబుతాను. ఆ 1995 బండి మీకు తలుపు ఇస్తుంది, కొలత కలిస్తే బెడ్ ఇస్తుంది, క్యాబ్ మూలలు కోసుకోనిస్తుంది, ఫెండర్ మాత్రం ఇవ్వదు. ఫెండర్ కోసం మీరు 1987 నుంచి 1991 మధ్య తయారైన బండినే వెతకాలి. అయితే అది ఎఫ్-150యే కానక్కరలేదు, ఆ ఏళ్ల ఎఫ్-250 అయినా, ఎఫ్-350 అయినా, చివరికి ఫోర్డ్ వారి ఎస్‌యూవీ బ్రాంకో అయినా పనికొస్తుంది.

ఒకే బండి ఒక రేకు ఇచ్చి ఇంకో రేకు ఇవ్వకపోవడం మొదట వింతగానే అనిపిస్తుంది. చిన్నప్పుడు విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామగారి టింకరింగ్ షెడ్డులో సెలవులు గడిపినప్పుడు నాకూ అలాగే అనిపించేది. ఎవరైనా పాత రేకు పట్టుకొచ్చి ఇది ఏ సంవత్సరం బండిదని అడిగితే ఆయన జవాబు చెప్పకుండా, ఆ రేకును బండి దగ్గరకు తీసుకెళ్లి అంచులు ఆనించి చూసేవారు. ఇక్కడ టెక్సస్‌లో పదిహేడేళ్లుగా బాడీ షాపులో అంచనాలు వేసే పని చేస్తూ నేను నేర్చుకున్నది కూడా అదే. రేకు వయసుకన్నా దాని ఇరుగుపొరుగు ముఖ్యం. ఒక రేకు ఏయే రేకులతో అంచు పంచుకుంటుందో, వాటి ఆకారం మారనంతకాలం ఏ ఏడాదిదైనా కూర్చుంటుంది. పక్కనున్న దీపం ఆకారం మారితే మాత్రం ఒక్క ఏడాది తేడా ఉన్నా కూర్చోదు.

మీ బండి వంశాన్ని ఈ కంటితో చూడండి. ఫోర్డ్ సంస్థ 1980లో ఎఫ్ వరుస పికప్‌లకు కొత్త క్యాబ్ తెచ్చి, దాన్నే 1996 వరకు నడిపింది. ఆ పదిహేడు నమూనా సంవత్సరాల్లో పైకప్పు, తలుపు చట్రం, వెనక మూలలు మౌలికంగా అవే. మారినదల్లా ముఖం. 1980 నుంచి 1986 వరకు చదునైన ముఖం, విడిగా మార్చుకునే నలుచదరపు సీల్డ్ బీమ్ దీపాలు ఉండేవి. 1987లో ముక్కు గుండ్రబడి, పక్కలకు తిరిగే వెడల్పాటి దీపాలు వచ్చాయి, చక్రాల మీది వంపులు కూడా గుండ్రంగా మారాయి. 1992లో మళ్లీ హుడ్, అంటే మన వైపు బానెట్ అనే మూత, కాస్త కిందికి దిగి, గ్రిల్లు, దీపాలు, ఫెండర్ల ముందంచు కొత్త రూపు తీసుకున్నాయి. మీ 1990 బండి నడిమి కుటుంబానిది, జంక్‌యార్డులోది చివరి కుటుంబానిది. తలుపుకు పొరుగు క్యాబ్, అది మారలేదు. ఫెండర్‌కు పొరుగు దీపమూ హుడ్డూ, అవి మారాయి. మీ ప్రశ్నకు సమాధానమంతా ఇందులోనే ఉంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయాలి. 1997 నమూనాగా వచ్చిన ఎఫ్-150 పూర్తిగా కొత్త బాడీ కనుక అందులో ఒక్క రేకు కూడా మీకు ఉపయోగపడదు. అయితే బరువు పనులకు వాడే ఎఫ్-250 హెవీ డ్యూటీ, ఎఫ్-350 మాత్రం ఆ ఏడాది కూడా పాత బాడీతోనే అమ్ముడయ్యాయి. అదే ఏడాది తేలిక రకం ఎఫ్-250 కొత్త బాడీతో వచ్చింది. అందువల్ల ప్రకటనలో 1997 ఎఫ్-250 అని మాత్రమే ఉంటే ఫొటో చూడనిదే బయలుదేరవద్దు.

ఇంకా ముందు, మీ బండి నిజంగా 1990దేనా అన్నది కూడా తేల్చుకోండి. ఈ మాట ఊరికే అనడం లేదు. నేను మొదట కొన్న పాత ఎఫ్-150 డ్రైవరు తలుపు అంచు మీది స్టిక్కరు చూసి, అందులోని రంగు కోడ్ ప్రకారం పెయింట్ కలిపించి, ఫెండర్‌కు వేయించాను. ఎండలో నిలబెట్టి చూస్తే ఫెండర్ ఒక నీలం, క్యాబ్ మరో నీలం. ఆ తలుపు నాకన్నా ముందు యజమాని వేరే బండి నుంచి తెచ్చి బిగించినదని, స్టిక్కరు కూడా దానితోపాటే వచ్చిందని తెలిసేసరికి పెయింట్ డబ్బులు పోయాయి. నమ్మవలసింది ముందద్దం లోపల, డ్యాష్‌బోర్డు మీద కనిపించే 17 అక్షరాల వాహన గుర్తింపు సంఖ్యను. అందులో పదో అక్షరం నమూనా సంవత్సరం. ఎల్ అయితే 1990, ఎమ్ అయితే 1991, ఎన్ అయితే 1992, ఎస్ అయితే 1995. తలుపు స్టిక్కరులోని సంఖ్యతో ఇది అక్షరం అక్షరం కలిస్తేనే ఆ స్టిక్కరు మీద ఉన్న రంగు కోడ్‌ను నమ్మండి. మీరు ఇప్పుడు 1995 తలుపు తెచ్చుకుంటే రేపు మీ బండి కొనేవారికీ ఇదే చిక్కు వస్తుంది కాబట్టి, పాత తలుపు స్టిక్కరును ఫొటో తీసి బండి కాగితాల్లో పెట్టుకోండి.

ఇక ఫెండర్ సంగతి. ఫోర్డ్ అసలు భాగాల సంఖ్యలు చదవడం తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. సంఖ్య 'ఈ7టీ' (E7T) అని మొదలైతే, 'ఈ' (E) అనే అక్షరం 1980ల దశకాన్ని, 7 ఆ దశకంలో 7తో ముగిసే ఏడాదిని, 'టీ' (T) ట్రక్కును సూచిస్తాయి. అంటే ఆ భాగం రూపకల్పన 1987 నమూనాది. మధ్యలో వచ్చే 16005 కుడి ఫెండర్, 16006 ఎడమ ఫెండర్, 16612 హుడ్. మీది 1990 బండి అయినా దాని ఫెండర్ సంఖ్య 1987తో మొదలవడం చూసి పొరపాటు పడకండి, అది కుటుంబం పేరు. ఎఫ్2టీ అని మొదలైతే అది 1992 రూపం, మీకు పనికిరాదు. ఆఫ్టర్‌మార్కెట్ వారు వాడే పార్ట్స్‌లింక్ సంఖ్యల్లో ఎఫ్ఓ ఫోర్డ్‌ను, 1240 ఎడమ ఫెండర్‌ను, 1241 కుడి ఫెండర్‌ను సూచిస్తాయి. మన దేశం నుంచి వచ్చినవారు ఇక్కడ తరచుగా తడబడే చోటు కూడా ఇదే. డ్రైవరు వైపు అనగానే మనకు కుడి గుర్తుకొస్తుంది, ఇక్కడ అది ఎడమ. బండిలో ముందుకు చూస్తూ కూర్చున్నప్పుడు ఏది ఎడమో అదే భాగాల పట్టికలో ఎడమ. తప్పు వైపు ఫెండర్ తెప్పించుకుని తిప్పి పంపిన మిత్రులు నాకు ఇద్దరున్నారు, ఇద్దరూ ఇంజనీర్లే.

ఆ 1995 బండి నుంచి ఫెండర్ తీసుకోవడానికి ఒకే ఒక్క మార్గం ఉంది. రెండు ఫెండర్లు, హుడ్, గ్రిల్లు, దీపాలు, వాటిని మోసే చట్రం, బంపరు అన్నీ కలిపి ముందుభాగం మొత్తాన్ని దించి మీ బండికి ఎక్కించాలి. చాలామంది అలా చేస్తారు, క్యాబ్ ఒకటే కనుక కుదురుతుంది. అయితే ఒక్క ఫెండర్ అడుగు తుప్పుకు బండి ముఖమంతా మార్చడం నాకు నచ్చదు. అది మీ ఇష్టం.

తలుపు విషయంలో ఖాళీ పెంకు మాత్రం తెచ్చుకోకుండా, అద్దంతో, తాళంతో, కిటికీ యంత్రంతో సహా పూర్తి తలుపు తీసుకోండి. బందులు అవే చోట పడతాయి గానీ, 1992 మార్పులో లోపలి అట్ట, స్విచ్‌ల అమరిక మారాయి కాబట్టి మీ పాత లోపలి అట్ట కొత్త తలుపుకు రంధ్రం రంధ్రం కలుస్తుందని ఆశించకండి. మీది హ్యాండిల్ తిప్పే కిటికీ అయి, అది కరెంటు కిటికీ అయితే, తీగల పని కూడా నెత్తిన పడుతుంది. అందుకని హ్యాండిల్ కిటికీ ఉన్న తలుపే దొరికేదాకా ఆగడం మంచిది. తాళం గుండీ మాత్రం మీ పాత తలుపుదే మార్చుకోండి. అది లోపలివైపు ఒక యు ఆకారపు స్ప్రింగు క్లిప్పుతో నిలబడి ఉంటుంది, స్క్రూడ్రైవరుతో తోస్తే జారి వచ్చేస్తుంది. ఇది చేయకపోతే ఒక తలుపుకు ఒక తాళంచెవి, ఇంకో తలుపుకు మరొకటి జేబులో మోయాలి.

యార్డులో తలుపు విప్పే ముందు దాన్ని సగం తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. కటుక్కుమని లేస్తే బందుల పిన్నులూ బుష్షులూ అరిగినట్టు లెక్క. అవి చవకగా కొత్తవి దొరుకుతాయి కనుక అందుకోసం తలుపును వదులుకోవద్దు గానీ, ఆ పని కూడా లెక్కలో వేసుకోండి. తరువాత మోకాళ్ల మీద కూర్చుని తలుపు అడుగు అంచున ఉండే నీరు పోయే రంధ్రాలలో వేలు పెట్టి చూడండి. ఎండాకులు, మట్టి అక్కడ పేరుకుని ఉంటే పైకి ఎంత మెరుస్తున్నా లోపలి మడతలో తుప్పు మొదలయ్యే ఉంటుంది. రేకులో పుట్టీ ఉందో లేదో తెలుసుకోవడానికి నేను ఫ్రిజ్‌కు అంటించే బల్లపరుపు అయస్కాంతం ఒకటి జేబులో ఉంచుకుంటాను. దాన్ని కిందిభాగం పొడవునా జారుస్తూ పోతే, రేకు ఉన్నచోట చేతిని లాగుతుంది, పుట్టీ మందంగా ఉన్నచోట వదిలేస్తుంది. ఈ పని చేస్తుంటే యార్డు వాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది బెడ్ మీద. ఎందుకంటే మీ బండికి అక్కడే అసలు చిక్కుంది. మీరు పక్కరేకు ఒక్కటే కావాలంటున్నారు, కానీ పక్కరేకు బెడ్‌కు స్పాట్ వెల్డింగులతో అతికి ఉంటుంది. పాతది ఊడదీసి, కొత్తది సరిగ్గా పట్టించి, వెల్డు చేసి, మళ్లీ తుప్పు పట్టకుండా సీలు చేయడం అనుభవం లేనివారి పని కాదు. బెడ్ మొత్తం మాత్రం ఫ్రేమ్‌కు బోల్టులతోనే బిగించి ఉంటుంది. బోల్టులు తీసేసి, పెట్రోలు పోసే గొట్టాల మూతిని పక్కరేకు నుంచి విప్పి, వెనక దీపాల తీగ ఊడదీస్తే, ఆరుగురు మనుషులు కలిసి దాన్ని ఎత్తవచ్చు. అందుచేత పక్కరేకు కొనడంకన్నా మంచి బెడ్ మొత్తంగా తెచ్చుకోవడమే మీకు చవకా, సులువూ. 1987 నుంచి 1996 వరకు, పాత బాడీ 1997 బండ్లతో సహా, పక్కరేకు రూపం మీ దానితో కలుస్తుంది. 1986, అంతకుముందు బండ్లవి ఫ్రేమ్ మీద కూర్చున్నా చక్రపు వంపు వేరు కాబట్టి ముందు ఒక ఆకారం, వెనక ఒక ఆకారంతో బండి అతుకుల బొంతలా కనిపిస్తుంది.

కానీ మూడు విషయాలు కొలిచి చూసుకోవాలి. మొదటిది పొడవు. రెగ్యులర్ క్యాబ్ ఎఫ్-150లు రెండు రకాలు. ఎనిమిదడుగుల బెడ్ ఉన్నదానికి ముందు, వెనక ఇరుసుల మధ్య దూరం సుమారు 133 అంగుళాలు, ఆరు ముప్పావు అడుగుల బెడ్ ఉన్నదానికి సుమారు 117. యార్డులోని బండి ఏదో మీరు రాయలేదు, వెళ్లి టేపు పెట్టి చూడండి. రెండవది బెడ్ రకం. పక్కలు లోపలికి ఉండి, చక్రాల మీద విడి ఫెండర్లు బయటికి పొడుచుకొచ్చే ఫ్లేర్‌సైడ్ బెడ్, వెనక నాలుగు చక్రాలున్న ఎఫ్-350ల వెడల్పాటి బెడ్ మీకు అక్కరలేదు. మూడవది, అందరూ మరిచిపోయేది, పెట్రోలు మూతలు. మీ బండికి రెండు ట్యాంకులు ఉన్నాయి కనుక ఎడమ పక్కరేకు మీద చక్రానికి ముందొకటి, వెనకొకటి చొప్పున రెండు మూతలు ఉంటాయి. ఒకే ట్యాంకు ఉన్న బండి బెడ్‌కు ఒకటే మూత ఉంటుంది. అటువంటి బెడ్ తెచ్చుకుంటే ఒక ట్యాంకులో పెట్రోలు పోయడానికి దారి ఉండదు. అప్పుడు మీ పాత పక్కరేకు నుంచి ఆ మూత, దాని వెనక గిన్నెలాంటి భాగం చుట్టూ రేకుతో సహా కోసి తెచ్చి కొత్తదానికి అతకాలి. అంతకన్నా రెండు మూతల బెడ్ కోసం ఇంకో నెల వెతకడం నయం. మీరు యార్డుకు ఫోన్ చేసినప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: మూతలు ఎన్ని?

క్యాబ్ మూలలకు పూర్తి రేకు అక్కరలేదు. తుప్పు పట్టిన భాగానికి సరిపడే మూల ముక్కలు కొత్తవే తయారై దొరుకుతాయి, అవి 1980 నుంచి 1996 దాకా అన్నింటికీ ఒకటే. రెగ్యులర్ క్యాబ్‌వి, సీటు వెనక అదనపు చోటున్న సూపర్ క్యాబ్‌వి వేరు, ఆర్డరు పెట్టేటప్పుడు అది ఒక్కటి చూసుకోండి.

ఆఫ్టర్‌మార్కెట్ రేకుల మీద నా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతాను. మూలల ముక్కలకు, తలుపు కింద ఉండే రాకర్ రేకులకు అవి చాలు, ఎందుకంటే ఎలాగూ కోసి వెల్డు చేసేవే. ఫెండర్ విషయంలో మాత్రం టెక్సస్, అరిజోనా వంటి పొడి ప్రాంతాల నుంచి తెప్పించిన పాత అసలు ఫెండర్‌కే నేను మొగ్గుతాను. ఎండకు రంగు పోయి ఉండవచ్చు, కానీ రేకు గట్టిగా ఉంటుంది, వంపు గీతలు తలుపు మీది గీతతో కలుస్తాయి. ఆఫ్టర్‌మార్కెట్ ఫెండర్‌లో ఆ గీత కొన్నిసార్లు ఒక నూలు పైకో కిందికో పోతుంది, బోల్టు రంధ్రాలను ఆకురాయితో సాగదీయాల్సి వస్తుంది. యాంటెన్నా రంధ్రం ఉన్నదా లేనిదా, పక్కపట్టీ రంధ్రాలు ఉన్నవా లేనివా అన్నది కూడా చూసి తీసుకోవాలి. ఆఫ్టర్‌మార్కెట్ భాగాల నాణ్యతను పరీక్షించి ఇచ్చే కాపా (CAPA) ముద్ర ఉన్న భాగం దొరికితే కొలతల విషయంలో కొంత భరోసా ఉంటుంది గానీ, ఇంత పాత బండికి అటువంటివి అరుదు. వచ్చిన రేకు మీది నల్లపూత మీద నేరుగా రంగు వేయవచ్చా అని తేల్చుకోవడానికి, గుడ్డను లాకర్ థిన్నర్‌లో తడిపి ఒక మూల గట్టిగా రుద్దండి. గుడ్డకు నలుపు అంటకపోతే అది విద్యుత్ పద్ధతిలో వేసిన గట్టి పూత, సన్నని గరుకు కాగితంతో రుద్ది దాని మీదే ప్రైమర్ వేసుకోవచ్చు. నలుపు గుడ్డకు అంటుకుని వచ్చేస్తే అది రవాణాలో తుప్పు రాకుండా పూసిన రంగు మాత్రమే, రేకు దాకా గీకేయాలి. ఈ ఒక్క పరీక్ష మానేసినందుకే ఏడాది తిరక్కుండా పెయింట్ పొరలు పొరలుగా లేచిన ఫెండర్లు మా షాపుకు వస్తుంటాయి.

వెతకడానికి కార్-పార్ట్ డాట్ కామ్ చాలు. ఇక్కడి యార్డులు సరుకు వివరాలను హాలెండర్ ఇంటర్‌చేంజ్ అనే పట్టిక ప్రకారం నమోదు చేస్తాయి. ఏ భాగం ఏయే సంవత్సరాల, ఏయే నమూనాల బండ్లకు సరిపోతుందో అందులో ఒకే సంఖ్య కింద ఉంటుంది. మీ 1990 వివరాలు ఇచ్చి ఎడమ ఫెండర్ అడిగితే, బ్రాంకోలతో సహా సరిపోయే బండ్లన్నీ అదే చూపిస్తుంది. ఆ సంఖ్య రాసుకుని ఫోనులో చెబితే అవతలివాడు వాదించడు.

చివరిగా, ఒక్క రేకు కూడా కొనకముందు వచ్చే శనివారం చేయవలసిన పని ఒకటి ఉంది. మీ బండిని చదునైన నేల మీద నిలబెట్టి, ఫెండర్‌కూ తలుపుకూ మధ్య సందును పైనుంచి కిందికి చూడండి. పైన వెడల్పుగా, కిందికి వచ్చేకొద్దీ ఇరుకుగా ఉంటే తప్పు ఫెండర్‌ది కాకపోవచ్చు. రేడియేటరును మోసే చట్రం కింద ఉండే రబ్బరు బుష్షులు అణిగిపోయి ముక్కు కిందికి వాలిందన్నమాట. క్యాబ్ కింది బుష్షులు పోతే ఇలాగే బెడ్‌కూ క్యాబ్‌కూ మధ్య గీత ఎగుడుదిగుడవుతుంది. ఆ బుష్షులు మార్చకుండా బంగారంలాంటి ఫెండర్ తెచ్చినా అది వంకరగానే కూర్చుంటుంది, మీరు రేకును తిడతారు. అవి సరిచేశాక తలుపును క్యాబ్‌కు సరిపెట్టి, తలుపుకు ఫెండర్‌ను, ఫెండర్‌కు హుడ్‌ను సరిపెట్టండి. బెడ్ చివర. ఇదంతా రంగు వేయకముందే ఒకసారి బిగించి చూసుకోవాలి. పాత ఫెండర్ విప్పేటప్పుడు తలుపు తెరిస్తే కనిపించే బోల్టు కిందా, అడుగు బోల్టు కిందా పల్చని బిళ్లలు ఉంటాయి. ఎక్కడ ఎన్ని ఉన్నాయో టేపు ముక్క మీద రాసి అక్కడే అంటించండి. ఒహాయో బండి కనుక ఆ అడుగు బోల్టు తేలిగ్గా రాదు, ఇవాళ్టి నుంచే రోజుకోసారి దానికి తుప్పు వదిలించే నూనె కొడుతూ ఉండండి.